1944 జూన్ 6: బీబీసీ రేడియోలో ఒక రోజు (ఒక న్యూస్ డెస్క్ మనిషి రాసుకున్న కేస్ స్టడీ)

రేడియో న్యూస్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లకి క్లాసు చెప్పేటప్పుడు నేను ఒక రోజుని తీసుకుని గంటగంటకీ విడదీసి చూపిస్తుంటాను. అది 1944 జూన్ 6, నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన రోజు. యుద్ధం సంగతులు చరిత్ర పుస్తకాల్లో కావల్సినన్ని ఉన్నాయి, నాకు కావల్సిందల్లా లండన్‌లో బీబీసీ మైకు ముందు ఏం జరిగింది, ఎవరు ఎప్పుడు ఏం చెప్పారు, ఏం చెప్పకుండా ఆగారు అన్నదే. ఎన్నిసార్లు చూసినా నాకు తేలేది ఒకటే: ఆ రోజు రేడియో అంత బాగా పలికిందంటే దానికి పునాది ఏడాది పైన ముందే పడింది, దానికి తోడు ఖాయం చేసుకున్నాకే చెబుదాం అని పట్టుబట్టి కూర్చున్నారు. అయితే ఆ పట్టుదల వెనక ఒక మెలిక కూడా ఉంది, ఈ కేస్‌లో నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది అదే, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు అప్పటి పరిస్థితి చెప్పాలి. బ్రిటన్ మొత్తానికీ రేడియో అంటే బీబీసీ ఒక్కటే, రేడియో లైసెన్సులు 90 లక్షలు దాటాయి, రాత్రి 9 గంటల న్యూస్ అంటే ఇంటిల్లిపాదీ సెట్టు చుట్టూ చేరాల్సిందే. 1940 నుంచి న్యూస్ రీడర్లు ముందు తమ పేరు చెప్పి ఆ తర్వాత వార్తలు చదివేవాళ్లు, ఎందుకంటే జర్మన్లు ఎవరైనా దొంగ స్టేషన్ పెట్టి బీబీసీలాగా చదివితే జనం గొంతుని బట్టి, పేరుని బట్టి పోల్చుకోవాలి కదా. అదే ఏడాది అక్టోబర్ 15న రాత్రి 9 గంటల న్యూస్ నడుస్తుండగానే బీబీసీ లండన్ ఆఫీసు బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ మీద పడిన బాంబు పేలింది, ఏడుగురు చనిపోయారు, బ్రూస్ బెల్‌ఫ్రేజ్ చదవడం మాత్రం ఆపలేదు. అంటే 1944 నాటికి విన్నవాళ్లకి ఈ గొంతులు అలవాటు, ఈ గొంతులు చెప్తే నిజం అయి ఉంటుందన్న నమ్మకం అలవాటు. అది డబ్బు పెట్టి కొనుక్కునేది కాదు, ఏళ్ల తరబడి రోజుకింత చొప్పున కూడబెట్టుకున్నది.

ఇంకో పక్క చూస్తే, యుద్ధం మొదట్లో ఫ్రంట్ నుంచి రిపోర్ట్ చెయ్యడం బీబీసీకి బ్రహ్మ ప్రళయంగా ఉండేది. రికార్డింగ్ అంటే లక్క పూసిన డిస్క్ మీద సూదితో గాడి చెక్కడం, ఆ మెషీన్‌కి ఒక బండి కావాలి, బండితో పాటు ఒక ఇంజినీర్ కావాలి, రిపోర్టర్ మైకు పట్టుకుని కేబుల్ ఎంత దూరం వస్తే అంత దూరమే వెళ్లగలడు. 1943 సెప్టెంబర్‌లో విన్‌ఫర్డ్ వాన్-థామస్ ఒక లాంకాస్టర్ బాంబర్‌లో బెర్లిన్ మీదికి వెళ్లి రికార్డ్ చేసుకొచ్చాడు, దానికి కూడా రెజ్ పిడ్‌స్లీ అనే ఇంజినీర్ మెషీన్ పట్టుకుని పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. అదొక అద్భుతమైన రికార్డింగ్, ఒప్పుకుంటా, కానీ తీరంలో పరిగెత్తే సైనికుడి వెనక ఇద్దరు మనుషులు, ఒక బండి పరిగెత్తలేవు కదా.

దీనికి వాళ్లు వెతుక్కున్న దారి నాకు భలే నచ్చుతుంది. 1943 మార్చిలో దక్షిణ ఇంగ్లండ్‌లో స్పార్టన్ అనే పేరుతో ఆర్మీ పెద్ద ఎక్సర్‌సైజ్ చేసింది, సైన్యం రెండు పక్షాలుగా విడిపోయి ఉత్తుత్తి యుద్ధం. బీబీసీ వాళ్లు తమ టీమ్‌లని అందులోకి పంపి, అది నిజం యుద్ధమే అనుకుని రిపోర్టులు, రికార్డింగులు చేయించి, ఉత్తుత్తి బులెటిన్లు తయారుచేసి ఆర్మీ పెద్దలకి వినిపించారు. మమ్మల్ని రానివ్వండి అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసే బదులు, రానిస్తే మీ గురించి జనం వినేది ఇలా ఉంటుంది అని చెవిలో వినిపించారన్నమాట. అప్పటిదాకా రేడియో వాళ్లంటే అడ్డం అనుకునే ఆఫీసర్లు మెత్తబడ్డారు. ఆ తర్వాతే వార్ రిపోర్టింగ్ యూనిట్ పుట్టింది, హోవర్డ్ మార్షల్ దానికి డైరెక్టర్. ఎంచుకున్న కరస్పాండెంట్లకి మ్యాప్ చదవడం, విమానాల్ని, ట్యాంకుల్ని చూసి గుర్తుపట్టడం, ఆరుబయట బతకడం, సెన్సార్ రూల్స్, అన్నీ నేర్పించారు, ఒంటికి కసరత్తు కూడా చేయించారు. ఫ్రాంక్ గిలార్డ్, రిచర్డ్ డింబుల్‌బీ, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెస్టర్ విల్మట్, స్టాన్లీ మాక్స్‌టెడ్, గై బయామ్, ఇలాంటి వాళ్లంతా ఆ టీమ్.

ఇక మెషీన్. బీబీసీ ఇంజినీర్లు డిజైన్ చేసిన మిడ్‌జెట్ రికార్డర్ అనేది ఈ మొత్తం కథలో నా ఫేవరెట్ క్యారెక్టర్. బరువు సుమారు 18 కిలోలు, ఇవాళ ఫోన్‌తో రికార్డ్ చేసే పిల్లలకి ఈ అంకె చెప్తే నోరు తెరుస్తారు, కానీ అప్పటికి అది గాలిలా తేలికే. పాత గ్రామఫోన్‌లాగా కీ తిప్పితే స్ప్రింగ్ మీద తిరుగుతుంది కాబట్టి డిస్క్ తిప్పడానికి కరెంట్ అక్కర్లేదు. రెండు వైపులా గాడి పడే డిస్కులు 12 పెట్టుకోవచ్చు, ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలు, అంటే అన్నీ కలిపి గంట పైనే. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఇంజినీర్ లేకుండా రిపోర్టర్ ఒక్కడే నడుపుకోగలడు. మూడు నిమిషాలకి డిస్క్ తిప్పాలి అంటే మనిషి మాట్లాడే తీరే మారిపోతుంది, ఊరికే సాగదీయడు, మొదలెట్టేముందే ఎక్కడ ఆపాలో ఆలోచించుకుంటాడు. ఒకసారి గాడి పడ్డాక చెరపడం కుదరదు. ఎడిట్ చెయ్యాలంటే లండన్‌లో డిస్క్ మీద చైనాగ్రాఫ్ అనే మైనపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అని ఇంకో డిస్క్ మీదికి ఎక్కించుకోవాల్సిందే. ఆ రికార్డింగులు వింటుంటే తెలుస్తుంది, ఒక్కొక్కళ్లు ఎంత జాగ్రత్తగా వాక్యాన్ని దించుతారో.

ఇక ఆ రోజు సంగతి. నిజానికి అది ముందు రోజు సాయంత్రమే మొదలైంది. జూన్ 5న పేపర్లు, బులెటిన్లు అన్నీ రోమ్ పట్టుబడిన వార్తతో నిండిపోయి ఉన్నాయి. అదే రాత్రి లండన్‌లో బీబీసీ విదేశీ ప్రసారాలు నడిచే బుష్ హౌస్ నుంచి వెళ్లే ఫ్రెంచ్ సర్వీస్‌లో మామూలుగా వచ్చే పర్సనల్ మెసేజ్‌లు వందల కొద్దీ చదివారు. వినేవాళ్లకి అవి అర్థంపర్థం లేని వాక్యాలు, ఫ్రాన్స్ లోపల రహస్యంగా పనిచేసే గ్రూపులకి మాత్రం ఫలానా రైలు పట్టాలు లేపెయ్యండి, ఫలానా టెలిఫోన్ లైన్ కోసెయ్యండి అని ఆర్డర్లు. అందులో ఒక పాత ఫ్రెంచ్ కవిత పాదం ఒకటి ఒక నెట్‌వర్క్ కోసం ఉద్దేశించింది, జర్మన్ ఇంటెలిజెన్స్ వాళ్లు దాన్ని పట్టేశారు కూడా. తమ 15వ ఆర్మీని అప్రమత్తం చేశారు, కానీ నార్మండీని కాపలా కాసే 7వ ఆర్మీకి ఆ హెచ్చరిక అందలేదు. అదే టైమ్‌లో ఇంగ్లండ్‌లోని హార్వెల్ ఎయిర్‌ఫీల్డ్‌లో డింబుల్‌బీ నిలబడి, పారాట్రూపర్లు విమానాలెక్కి చీకట్లోకి లేచిపోవడాన్ని డిస్క్ మీద చెప్పుకుంటూ పోయాడు. చెస్టర్ విల్మట్ 6వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌తో గ్లైడర్‌లో, అంటే ఇంజిన్ లేని విమానంలో, వెళ్లాడు, గై బయామ్ అయితే ఏకంగా పారాచూట్‌తో దూకాడు. వీటిలో ఒక్క ముక్క కూడా అప్పటికప్పుడు ఎయిర్ మీదికి వెళ్లదని వాళ్లకి తెలుసు.

పొద్దున 7 కాకముందే జర్మన్ న్యూస్ ఏజెన్సీ దాడి మొదలైందని చెప్పేసింది. అమెరికాలో అప్పుడు అర్ధరాత్రి దాటింది, అక్కడి నెట్‌వర్కులు దాన్ని ఎత్తుకున్నాయి, జర్మన్లు చెప్తున్నారు, ఖాయం కాలేదు అని అంటూనే. ఒక్కసారి ఆ టైమ్‌లో లండన్ న్యూస్ డెస్క్ మీద కూర్చున్నవాళ్లని ఊహించుకోండి. నిజం అని లోపల తెలిసినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, శత్రువు ముందే చెప్పేశాడు, ఇంకా ఆపడం ఎందుకు అని ఎవరికైనా నాలుక దురద పెడుతుంది. 8 గంటల బులెటిన్‌లో ఫ్రెడరిక్ అలెన్ చదివింది మాత్రం ఒక హెచ్చరిక: ఆక్రమిత దేశాల్లో తీరానికి 35 కిలోమీటర్ల లోపు ఉండే జనం జాగ్రత్తపడాలి, వైమానిక దాడులు కొత్త దశలోకి వస్తున్నాయి అని. సైన్యం దిగింది అని బీబీసీ తన మాటగా అనలేదు. అప్పటికి బీచ్‌ల మీద వేల మంది పోరాడుతున్నారు. నాకు ఈ గంటన్నర చాలా విలువైనది. వినేవాడికి ఆ నిమిషానికి పనికొచ్చే సమాచారం, ప్రాణం కాపాడే సమాచారం ముందు వెళ్లింది, సంచలనం వెనక ఆగింది.

9 గంటల 32 నిమిషాలకి జాన్ స్నాగ్. హోమ్ సర్వీస్, ఓవర్సీస్, యూరోపియన్ సర్వీసులు అన్నిటికీ ఒకేసారి వెళ్లేలా లైన్లు కలిపారు. స్నాగ్ మొదట లండన్ నుంచి మాట్లాడుతున్నామని, తన పేరు ఫలానా అని చెప్పి, మిత్రరాజ్యాల సుప్రీం హెడ్‌క్వార్టర్స్ ఇప్పుడే మొదటి కమ్యూనికే, అంటే అధికారిక ప్రకటన, విడుదల చేసింది, కొన్ని సెకన్లలో చదువుతాను అన్నాడు. ఈ కొన్ని సెకన్లే నేను క్లాసులో ఆపి ఆపి వినిపిస్తాను. వంటింట్లో ఉన్నవాళ్లు గిన్నె పక్కన పెట్టి రావాలి, ఫ్యాక్టరీలో ఎవరో సౌండ్ పెంచాలి, నాలుగేళ్లుగా ఎదురుచూసిన వార్త చెవిలో పడేముందు ఆ చెవి సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాత చదివిన కమ్యూనికే ఇంగ్లిష్‌లో మొత్తం 26 మాటలు, ఒకే ఒక్క వాక్యం. జనరల్ ఐసెన్‌హోవర్ ఆధ్వర్యంలో, బలమైన వైమానిక దళాల అండతో, మిత్రరాజ్యాల నౌకాదళాలు ఈ ఉదయం ఫ్రాన్స్ ఉత్తర తీరంలో సైన్యాల్ని దించడం మొదలుపెట్టాయి. ఏ ఊరో లేదు, ఎంతమందో లేదు, గెలుస్తున్నామని లేదు. విశేషణం అంటే అందులో "బలమైన" అన్న ఒక్క ముక్కే, అది కూడా విమానాలకి. గొంతులో కూడా స్నాగ్ ఏమీ కలపలేదు, తెడ్ల పడవ పందేలకి ఉర్రూతలూగించే కామెంటరీ చెప్పే మనిషి ఇక్కడ అలా నిలకడగా చదివాడు చూడండి, అదీ పనితనమంటే.

దాని వెనకే మిత్రరాజ్యాల సుప్రీం కమాండర్ ఐసెన్‌హోవర్ సందేశం, నార్వే రాజు హాకన్, డచ్, బెల్జియం ప్రధానుల మాటలు వెళ్లాయి. ఇవన్నీ ముందే రికార్డ్ చేసి, ఎవరికీ పొక్కకుండా దాచి ఉంచినవి. స్వేచ్ఛా ఫ్రాన్స్ నాయకుడు డిగాల్ ఒక్కడు మాత్రం ఐసెన్‌హోవర్ వెనక లైన్లో నిలబడి మాట్లాడనన్నాడు, పెద్ద గొడవే అయింది, చివరికి ఆయన ప్రసంగం విడిగా సాయంత్రం వెళ్లింది. మధ్యాహ్నం చర్చిల్ పార్లమెంట్‌లో మొదట తీరిగ్గా రోమ్ గురించి మాట్లాడి, ఆ తర్వాత గానీ అసలు విషయానికి రాలేదు. అప్పట్లో సభ నుంచి లైవ్ అనేది లేదు కాబట్టి ఆయన అన్నది బులెటిన్లలో చదవాల్సిందే.

నేను ముందు చెప్పిన మెలిక ఇక్కడే ఉంది. చర్చిల్ ఈ దిగడాన్ని యూరప్ మీద వరసగా జరగబోయే పెద్ద దాడుల్లో మొదటిది అన్నాడు. ఐసెన్‌హోవర్ తన సందేశంలో తొలి దాడి మీ దేశంలో జరగకపోయి ఉండొచ్చు, మీ వంతు వస్తుంది అన్నట్టు మాట్లాడాడు. ఇవి ఊరికే అన్న మాటలు కావు, అసలు దాడి ఇంకా పా-ద-కలే వైపు (ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్‌కి బాగా దగ్గరగా ఉండే తీరం) రాబోతోందని జర్మన్లు నమ్మాలి, అక్కడున్న 15వ ఆర్మీ కదలకూడదు, దానికోసం నెలల తరబడి నడిపిన ఫార్టిట్యూడ్ అనే మోసపు ప్లాన్‌లో ఆ మాటలూ భాగమే. డిగాల్ అయితే అసలైన మహా యుద్ధం మొదలైపోయింది, ఇది ఫ్రాన్స్ యుద్ధమే అని సూటిగా అనేశాడు, ఆ ప్లాన్‌కి ఇబ్బందే అది. బీబీసీ ఎక్కడా అబద్ధం చదవలేదు, ఎవరన్నది వాళ్లన్నట్టే చెప్పింది. కానీ ఆ నిజమైన కోట్ లోపల మోసం ఉంది, బీబీసీ గొంతు మీద ఉన్న నమ్మకమే ఆ మోసానికి బలమిచ్చింది. ఆ మోసం వల్ల ప్రాణాలు నిలిచాయా అంటే నిలిచాయనే నేను నమ్ముతాను. కోట్ కరెక్టుగా ఇచ్చేశాం, మా పని అయిపోయింది అనుకునే రిపోర్టర్లకి మాత్రం ఇది చూపించి తీరాలి, ఎందుకంటే పెద్దవాళ్ల మాటకి మన మైకు ఇచ్చినప్పుడల్లా మన పరపతి కూడా వాళ్ల చేతికి ఇస్తున్నట్టే.

సాయంత్రం దాకా జనం విన్నదంతా పై నుంచి వచ్చిన మాటలే, కమ్యూనికేలు, ప్రసంగాలు. రాత్రి 9కి రాజు ఆరవ జార్జ్ దేశాన్ని ప్రార్థన చెయ్యమని కోరాడు, ఆ వెనక న్యూస్, న్యూస్ వెనక వార్ రిపోర్ట్ అనే కొత్త ప్రోగ్రామ్. కింద నుంచి, ఇసక మీది నుంచి గొంతులు వచ్చింది అప్పుడే. హోవర్డ్ మార్షల్ పొద్దున తీరానికి వెళ్లిన ల్యాండింగ్ క్రాఫ్ట్ (సైనికుల్ని ఒడ్డున దించే పడవ) నీళ్లలో పాతిన ఇనప అడ్డంకుల మధ్య నుంచి దూరబోతూ మైన్‌ని తాకింది, లోపలికి నీళ్లు వచ్చేశాయి. ఆ రోజు ఆయన సముద్రంలో పడటం రెండుసార్లు. ఎలాగో తిరిగి ఇంగ్లండ్ చేరి, పడవ దిగిన నిమిషాల్లోనే మైకు ముందు కూర్చుని, తడి బట్టలతోనే ఉన్నాను, నోట్స్ అన్నీ సముద్రం అడుగుకి పోయాయి, కాబట్టి మనవాళ్లు బీచ్‌ల మీద చెయ్యాల్సి వచ్చిందేంటో క్లుప్తంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను అని మొదలెట్టాడు.

నోట్స్ పోయిన మనిషి అంత క్రమంగా ఎలా మాట్లాడగలిగాడని చాలామంది అడుగుతారు. మార్షల్ యుద్ధానికి ముందు క్రికెట్ కామెంటేటర్, 1938లో ఓవల్‌లో లెన్ హట్టన్ 364 కొట్టినప్పుడు వినిపించిన గొంతు ఆయనదే. కళ్ల ముందు జరిగేదాన్ని ఏ కాగితం లేకుండా వరస తప్పకుండా చెప్పడం ఏళ్ల తరబడి చేసిన పని. ఆ రిపోర్ట్ విని చూడండి, ముందు తను ఎక్కడున్నాడో చెప్తాడు, తర్వాత ఏం కనిపించిందో, తర్వాత ఏం జరిగిందో, గెలిచామా ఓడామా అనే తీర్పు జోలికి తొందరపడి పోడు. తన కష్టం గురించి చెప్పింది కూడా నోట్స్ ఎందుకు లేవో వివరించడానికి ఎంత కావాలో అంతే.

అయితే ఆ రాత్రి ప్రోగ్రామ్‌లో చాలా లేవు. ఆ రోజు బీచ్ మీద బీబీసీకి ట్రాన్స్‌మిటర్ లేదు, రికార్డ్ చేసిన డిస్కులు ఏ పడవ దొరికితే ఆ పడవలో ఇంగ్లండ్ రావాలి, సెన్సార్ చూడాలి, అప్పుడే ఎయిర్. గ్లైడర్‌లో వెళ్లినవాళ్ల, పారాచూట్‌తో దూకినవాళ్ల కథలు అందుకే వెనక వచ్చాయి. దిగిన బీచ్‌లలో ఒకటైన ఒమాహాలో అమెరికన్లు ఎంత ఘోరంగా దెబ్బతిన్నారో ఆ రాత్రి విన్నవాళ్లకి తెలిసే దారే లేదు, నార్మండీలోని కాన్ పట్టణం ఆ రోజే పట్టుకోవాలన్న ప్లాన్ తప్పిందనీ తెలియదు. ఆ లోటుకి సగం కారణం సెన్సార్, సగం దూరం. అమెరికన్ నెట్‌వర్కులకి ఇంకో అడ్డు ఉండేది, రికార్డ్ చేసింది వెయ్యకూడదు, లైవే ఉండాలి అన్నది వాళ్ల పాత పట్టింపు. యూఎస్ఎస్ యాంకన్ ఓడ మీద నుంచి జార్జ్ హిక్స్ విమాన దాడి మధ్యలో రికార్డ్ చేసిన రిపోర్ట్ కోసం ఆ పట్టింపు పక్కన పెట్టారు, అన్ని నెట్‌వర్కులూ దాన్ని పంచుకున్నాయి. బీబీసీ మాత్రం రికార్డింగ్‌ని లైవ్‌కి తక్కువగా చూడటం అప్పటికే మానేసింది, ప్రోగ్రామ్ మొత్తాన్నీ దాని మీదే కట్టింది.

మన తీర ప్రాంతంలో కమ్యూనిటీ రేడియో నడిపేవాళ్లతో కూర్చున్నప్పుడు ఈ కేస్‌ని నేను తుఫాను కవరేజీకి ఆన్చి చెప్తాను. తుఫాను తీరం దాటింది అనే మాట వాతావరణ శాఖ అనేదాకా మనం అనం, వాట్సాప్‌లో ఎన్ని వీడియోలు తిరిగినా సరే. కానీ ఆ లోపు మూగగా కూర్చోం, ఎక్కడి షెల్టర్ తెరిచారు, ఏ రోడ్డు మునిగింది, వేటకి వెళ్లినవాళ్లు ఏం చెయ్యాలి, అది మాత్రం గంటకి పదిసార్లైనా చెప్తాం. రిపోర్టర్ని గాలి మొదలయ్యాక పంపడం కాదు, రెండు రోజుల ముందే ఆ ఊళ్లో పెట్టాలి, ఛార్జింగ్ పోయినా పనిచేసే సామాను ఇవ్వాలి, వానాకాలం రాకముందే ఒక ఉత్తుత్తి తుఫాను పెట్టుకుని పూర్తి బులెటిన్ చేసి చూసుకోవాలి. ఇదంతా వింటే చాదస్తంలా అనిపిస్తుంది గానీ, స్పార్టన్ ఎక్సర్‌సైజ్ లేకపోతే బీచ్ మీద మార్షల్ ఉండేవాడే కాదు.

జూన్ 6 తర్వాత బీబీసీ మొదట సరిచేసుకున్నది ఆ పడవ ఆలస్యాన్నే. జూన్ నడిమికల్లా ఒక ట్రాన్స్‌మిటర్ బండిని నార్మండీకి దాటించారు, క్రెయ్యీ అనే ఊళ్లో కోట బురుజులో స్టూడియో పెట్టుకున్నారు, రిపోర్టర్లు అక్కణ్ణుంచే లండన్‌కి పంపడం మొదలైంది, సెన్సార్ ఆఫీసర్ కూడా పక్కనే. వార్ రిపోర్ట్ 1945 మే 5 దాకా 235 ఎపిసోడ్లు నడిచింది, రోజూ కోటికి పైగా జనం విన్నారు. బీబీసీ రిపోర్టర్ కెంట్ స్టీవెన్‌సన్ 1944 జూన్‌లోనే ఒక బాంబర్‌లో వెళ్లి తిరిగి రాలేదు. నార్మండీలో పారాచూట్‌తో దూకి బతికి బయటపడిన గై బయామ్ 1945 ఫిబ్రవరి 3న బెర్లిన్ దాడికి అమెరికన్ విమానంలో వెళ్లి చనిపోయాడు. ఈ కేస్ చెప్పినప్పుడల్లా మైకుల, మెషీన్ల సంగతితో పాటు ఈ ఇద్దరి పేర్లు కూడా బోర్డు మీద రాయిస్తాను.